పంటి బ్రిడ్జికి కాంతి కొలత: మైక్రానుల మాటపై ఒక విమర్శ

పన్ను పోయిన చోట బ్రిడ్జి కట్టించుకొనుట నేడు మహానగరముల వారికి మాత్రమే తెలిసిన వైద్యము కాదు. తిరువూరు వంటి పట్టణములలోను, చుట్టుపట్ల గ్రామములలోను దీనిని గూర్చి విననివారు అరుదు. కొంతకాలముగా ఈ వైద్యమున ఒక క్రొత్త పరికరము ప్రవేశించినది. నోటిలో మెత్తని ముద్దను పెట్టి అచ్చు తీయుటకు మారుగా, టార్చిలైటు వంటి కడ్డీని పళ్ళ వెంబడి త్రిప్పినచో, ఎదుటి తెరపై ఆ పళ్ళ రూపము కొద్ది నిమిషములలో ప్రత్యక్షమగును. దీనినే నోటి స్కానర్ అందురు. ముద్దతో వచ్చు వికారము ఉండదనియు, పని త్వరగా ముగియుననియు, కొలత మైక్రానులతో సహా సరిగా వచ్చుననియు దీనిని గూర్చి చెప్పుచున్నారు.

మొదటి రెండు మాటలతో మనకు పేచీ లేదు. మూడవ మాటను మాత్రము విమర్శింపవలసి యున్నది. ఒక పరికరము ఇన్ని మైక్రానుల వరకు ఖచ్చితమైనది అని ఒకే అంకె చెప్పినచో, ఆ అంకెకు అర్థమేమి? ఎంత పొడవును కొలిచినపుడు? దేనితో పోల్చి చూచినపుడు? ఈ ప్రశ్నలకు జవాబు లేని అంకె శాస్త్రములోని కొలత కాజాలదు. అది కేవలము ప్రకటన.

వెంట్రుకవాసి ఎందుకు ముఖ్యము?

బ్రిడ్జి అనగా వంతెన. పోయిన పంటికి ఇరుప్రక్కల నున్న రెండు పళ్ళను స్తంభములుగా చేసికొని, వానిపై తొడుగులు అమర్చి, ఆ తొడుగుల నడుమ కృత్రిమ దంతమును నిలుపుదురు. తొడుగు పట్టుటకై ఆ రెండు పళ్ళను చుట్టును అరగదీయవలెను. చాలమారులు అవి ఏ రోగమును లేని పళ్ళు. పంటిపై నుండు ఎనామెల్ పొరను నిర్మించు కణములు పన్ను చిగురు నుండి పైకి వచ్చునాటికే నశించును. కనుక ఒకమారు అరగదీసిన ఎనామెల్ తిరిగి పెరుగదు. బ్రిడ్జి చెడినచో నష్టము మూడవ పంటితో ఆగదు. ఆరోగ్యముగా నున్న ఇరుగుపొరుగు పళ్ళు కూడ దానికి బలియగును.

తొడుగు అంచునకును, పంటికిని నడుమ సందు ఉండనే ఉండును. దానిని సిమెంటు పూడ్చును. సందు పెద్దదైన కొలది సిమెంటు లాలాజలములో కరగి కొట్టుకొనిపోవును. అచ్చట సూక్ష్మజీవులు చేరి, తొడుగు క్రింద పన్ను పిప్పి పట్టును. మెక్లీన్, ఫాన్ ఫ్రాన్‌హోఫర్ అను ఇరువురు పరిశోధకులు 1971లో, నోటిలో వాడుకలో నున్న తొడుగులను పరిశీలించి, ఈ సందు 120 మైక్రానుల వరకు ఉండవచ్చునని సూచించిరి. నేటికిని దంతవైద్య గ్రంథములలో తరచుగా కనబడు హద్దు ఇదియే.

మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తల వెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. కావున 120 మైక్రానులనగా రెండు వెంట్రుకలంత కూడ లేదు. కాని పంటిని పుచ్చజేయు సూక్ష్మజీవి యొక్క మందము సుమారు ఒక మైక్రాను. అట్టివి నూరింటికి పైగా ఆ సందులో ప్రక్కప్రక్కన నిలువగలవు. కనుక 120 అను అంకె అనుభవము నుండి వచ్చిన హద్దే గాని, దాని క్రింద భయము లేదని చెప్పు ప్రకృతి నియమము కాదు. మన భాషలో వెంట్రుకవాసి తేడా అనిన లెక్కింపదగనిదని అర్థము. పంటి విషయమున ఆ తేడాయే సర్వస్వము.

రెండు గుణములు, ఒకే పేరు

ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజీ ఉండును. సాధారణమైన వెర్నియర్ కనీసపు కొలత 0.1 మిల్లీమీటరు, అనగా 100 మైక్రానులు. స్క్రూగేజీది 0.01 మిల్లీమీటరు, అనగా 10 మైక్రానులు. శూన్యాంశ దోషము గల స్క్రూగేజీతో ఒక తీగె మందమును పదిమారులు కొలిచితిమనుకొందము. పదిమారులును దాదాపు ఒకే విలువ వచ్చును. విద్యార్థి సంతోషించును. కాని ఆ పది విలువలును తప్పే.

కొలతలో రెండు వేర్వేరు గుణములు కలవని ఈ ఉదాహరణ తెలుపుచున్నది. కొలచిన విలువ నిజమైన విలువకు ఎంత దగ్గరగా నున్నది అనునది మొదటిది. దీనిని యథార్థత అందము. మరల మరల కొలచిన విలువలు ఒకదాని కొకటి ఎంత దగ్గరగా నున్నవి అనునది రెండవది. దీనిని నిలకడ అందము. ఈ రెండును చేరినప్పుడే ఖచ్చితము అను మాట సార్థకమగును. అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 1994లో వెలువరించిన 5725వ ప్రమాణము ఈ విభజననే చేసినది. నోటి స్కానర్లను పరీక్షించు విధానమునకై 2019లో 20896-1 అను ప్రత్యేక ప్రమాణమును కూడ అదే సంస్థ ప్రకటించినది.

ఇచ్చట ఒక చిక్కు కలదు. యథార్థత తెలియవలెనన్న నిజమైన విలువ ముందుగా తెలిసి యుండవలెను. బల్లమీది లోహపు నమూనాను పరిశ్రమలలో వాడు మేలైన యంత్రముతో కొలిచి, దానినే నిజముగా గ్రహింపవచ్చును. బ్రతికియున్న మనిషి నోటిలోని పళ్ళ నిజమైన కొలతను ఎవరు చెప్పగలరు? ఆ పళ్ళను ఊడదీసి యంత్రము క్రింద పెట్టలేము గదా. అందువలన నోటిలోనే చేసిన పరిశోధనలు సాధారణముగా నిలకడను మాత్రమే కొలువగలవు. ఆ నిలకడ అంకెను ఖచ్చితము అను పేరుతో చలామణి చేయుట, శూన్యాంశ దోషమును మరచిన విద్యార్థి సంతోషము వంటిదే.

పాత పద్ధతికి దోషములు లేవా?

ఉన్నవి. ముద్దతో తీసిన అచ్చు గట్టిపడునపుడు సంకోచించును. సముద్రపు నాచు నుండి లభించు ఆల్జినేట్ అచ్చు గాలిలో ఉంచినచో నీటిని కోల్పోయి కుంచించుకొనిపోవును. నీటిలో ఉంచినచో ఉబ్బును. మేలిరకపు సిలికోను అచ్చులు ఎక్కువ కాలము రూపము చెడక నిలుచును. ఐనను దానిలో పోసిన జిప్సము గట్టిపడునపుడు కొంచెము వ్యాకోచించును. ఇట్లు ఒక దోషము కొంత మేరకు మరియొకదానిని సరిపెట్టుచుండును. దశాబ్దముల అనుభవముతో దంతవైద్యులును, ప్రయోగశాల పనివారును ఈ సర్దుబాటును ఒక విద్యగా నేర్చుకొనిరి.

తిరువూరు నుండి మైలవరము మీదుగా విజయవాడకు సుమారు 70 కిలోమీటర్ల దారి. ఇట్టి చోట తీసిన ఆల్జినేట్ అచ్చు వేసవి మధ్యాహ్నమున బస్సులో ప్రయాణము చేసి ప్రయోగశాలకు చేరునప్పటికి ఏమగునో ఊహించుట కష్టము కాదు. స్కానర్ తీసిన రూపము అంకెల సమూహము మాత్రమే. అది దారిలో ఎండదు, కుంచించుకొనిపోదు. అంచు సరిగా రాలేదని తెలిసినచో, రోగి కుర్చీలో ఉండగనే ఆ భాగమును మరల తీయవచ్చును. మా అభిప్రాయమున చిన్న పట్టణములకు ఈ పరికరము చేయగల అసలు మేలు ఇదియే. మైక్రానుల అంకె తరువాతి మాట.

కాంతి ఎట్లు కొలుచును?

ఈ ఆలోచన క్రొత్తది కాదు. ఫ్రాన్సు దేశీయుడైన ఫ్రాన్స్వా ద్యూరే 1973లో తన సిద్ధాంత గ్రంథమున కాంతితో పంటి అచ్చు తీయవచ్చునని ప్రతిపాదించెను. స్విట్జర్లాండులోని జూరిక్ విశ్వవిద్యాలయమున వెర్నర్ మోర్మన్ అను దంతవైద్యుడు, మార్కో బ్రాందెస్తీని అను ఇంజనీరుతో కలసి సెరెక్ అను యంత్రమును నిర్మించెను. 1985లో దానితో రోగి కుర్చీ చెంతనే పంటి పూరకమును తయారుచేసి అమర్చిరి.

కొన్ని స్కానర్లు కాంతిరేఖలను పంటిపై ఏటవాలుగా ప్రసరింపజేసి, అవి వంగిన తీరును మరియొక కోణము నుండి చిత్రించి, త్రిభుజ గణితముతో దూరమును లెక్కించును. మరికొన్ని కటకపు నాభిని ముందునకు వెనుకకు జరుపుచు, పంటిపై ఏ బిందువు ఏ స్థానమున స్పష్టముగా కనబడునో చూచి లోతును తెలిసికొనును. పద్ధతి ఏదైనను కాంతి సోకిన దానినే పరికరము చూడగలదు. చిగురు క్రింద దాగిన అంచును, రక్తము లేక లాలాజలము కప్పిన అంచును అది చూడలేదు. ముద్ద పద్ధతిలో వలెనే ఇచ్చటను చిగురును ప్రక్కకు జరిపి, తడి తుడువవలెను.

స్కానర్ కన్ను ఒక్కమారు చూడగలిగినది ఒకటి రెండు పళ్ళను మాత్రమే. కావున అది కదలుచు వందలకొలది చిత్రములను తీయును. ఒక చిత్రములోని గుంటలు, మిట్టలు ప్రక్క చిత్రములోని వానితో సరిపోవునట్లు కంప్యూటరు వానిని ఒకదాని వెంట నొకటి అతికించును. ఈ అతుకుల వద్దనే దోషము పుట్టును.

గొలుసు నేర్పిన పాఠము

పొలము కొలత తెలిసినవారికి ఇది క్రొత్త విషయము కాదు. కరణములు గొలుసుతో పొలము కొలిచిన కాలమున, గొలుసు వేసిన ప్రతిమారును చిన్న తప్పు దొరలెడిది. రెండు గొలుసుల పొడవున అది కనబడదు. గట్టు చివరకు చేరునప్పటికి తగాదాగా మారెడిది.

దక్షిణ భారతమును త్రిభుజములతో కొలిచిన విలియం లాంబ్టన్ ఈ సంగతి బాగుగా నెరిగినవాడు. 1802లో మద్రాసు వద్ద 7 మైళ్ళకు పైబడిన ఆధారరేఖను నేలపై ఎంతో శ్రద్ధతో కొలిచి, దానిపై త్రిభుజము తరువాత త్రిభుజమును అల్లుకొనుచు పోయెను. ఐతే ఆ లెక్కను ఆయన గ్రుడ్డిగా నమ్మలేదు. దూరము పోయిన కొలది క్రొత్త ఆధారరేఖను నేలపై మరల కొలిచి, లెక్కతో వచ్చిన పొడవును దానితో సరిచూచెను. 1804లో బెంగుళూరు వద్ద ఇట్లు చూడగా వచ్చిన తేడా 4 అంగుళముల లోపే. 1811లో మన అనంతపురము ప్రాంతపు గుత్తి వద్దను, 1815లో బీదరు వద్దను అట్టి రేఖలనే కొలిచెను. ఆయన సహాయకుడుగా చేరిన జార్జి ఎవరెస్టు 1819లో త్రిభుజములు అల్లుటకు ప్రయత్నించి, జ్వరపీడితుడై వెనుదిరిగిన చోటు కృష్ణా గోదావరుల నడిమి ప్రదేశము.

స్కానర్ నోటిలో చేయుచున్నది ఇట్టి అల్లికయే. కాని దాని దారి చివర సరిచూచుకొనుటకు ఆధారరేఖ లేదు. చిన్న లెక్క వేసి చూతము. ప్రతి అతుకు వద్ద 5 మైక్రానుల తప్పు దొరలుననియు, అట్టి అతుకులు 16 కలవనియు అనుకొందము. తప్పులు ఒకమారు ముందునకు, ఒకమారు వెనుకకు యాదృచ్ఛికముగా పడినచో, మొత్తము 5ను 16 యొక్క వర్గమూలముతో గుణింపగా వచ్చు 20 మైక్రానుల పరిమాణములో నుండును. అన్నియు ఒకే దిక్కునకు పడినచో 80 మైక్రానులగును. ఇక అతుకు వంకర పోయినచో దాని ఫలము వేరు. ఒకే ఒక్క అతుకు డిగ్రీలో 60వ వంతు తిరిగినను, అచ్చటికి 50 మిల్లీమీటర్ల దూరమున నున్న పన్ను సుమారు 15 మైక్రానులు తొలగినట్లు కనబడును.

మూడు పళ్ళ బ్రిడ్జికి కొలువవలసిన పొడవు 3 సెంటీమీటర్ల లోపు. దవడ ఒక కొస నుండి రెండవ కొస వరకు పోవు వంపుదారి 10 సెంటీమీటర్లకు పైబడును. రెంటికిని ఒకే ఖచ్చితము ఉండునని చెప్పుట గణితమునకు విరుద్ధము. పళ్ళు వరుసగా పోయిన చోట చిక్కు మరింత ఎక్కువ. చిగురు నున్నగా నుండుట వలన, చిత్రములను అతికించుటకు వలసిన గుంటలు, మిట్టలు అచ్చట దొరకవు. నీటి గుంట నడుమ సరిహద్దు రాళ్ళు వెదకినట్లుండును.

పరిశోధనలు ఏమి చెప్పుచున్నవి?

ఒంటి తొడుగులకును, మూడు నాలుగు పళ్ళ బ్రిడ్జీలకును మంచి స్కానర్ కొలత మంచి సిలికోను అచ్చుకు తీసిపోదని అనేక పరిశోధనలు తేల్చినవి. ఇది గొప్ప విజయము. దీనిని తక్కువ చేయుట న్యాయము కాదు. మొత్తము దవడ విషయము వేరు. జూరిక్‌లో ఆండ్రియాస్ ఎండర్, ఆల్బర్ట్ మెహల్ 2013లో ప్రచురించిన ప్రయోగములలో, పూర్తి దవడ కొలతకు మేలైన ముద్ద అచ్చే స్కానర్ కంటె నిజమునకు దగ్గరగా నుండెను. అప్పటి నుండి యంత్రములు చాల మెరుగుపడినవి. ఐనను పొడవు పెరిగిన కొలది తప్పు పెరుగుట అను లక్షణము పోలేదు.

స్తంభము ఏది అనుట కూడ చూడవలెను. సహజమైన పన్ను ఎముకకు నేరుగా అతుకుకొని యుండదు. సుమారు 0.2 మిల్లీమీటరు మందము గల పీచుపొర వానిని కలుపును. ఒత్తిడికి పన్ను కొన్ని పదుల మైక్రానులు కదలగలదు. కనుక బ్రిడ్జిలోని చిన్న తప్పును అది కొంత ఓర్చుకొనును. ఎముకలో బిగించిన ఇంప్లాంటునకు ఆ పొర లేదు. అది కొద్ది మైక్రానులు మాత్రమే కదలును. కావున అనేక ఇంప్లాంటులపై నిలుచు పొడవైన బ్రిడ్జికి కొలత మరింత నిజముగా నుండవలెను. స్కానర్ బలహీనముగా నుండు చోటును సరిగా ఇదియే. అందుకే కొందరు ఇంప్లాంటులకు గుర్తులు తగిలించి, వాని స్థానములను అతుకులు లేకుండ ఒకేమారు చిత్రించు పద్ధతిని వాడుచున్నారు. లాంబ్టన్ ఆధారరేఖకు ఇది దంతవైద్యములోని చుట్టము.

అంకెలను చెప్పు తీరులో కూడ దోషము కలదు. స్కానర్ తీసిన రూపమును నిజమైన రూపముపై కంప్యూటరులో సరిగా కూర్చుండునట్లు అమర్చి, అచ్చటచ్చటి తేడాలను సగటు చేయుదురు. నాలుగు చోట్ల తేడాలు +40, -40, +10, -10 మైక్రానులు అనుకొనుడు. సగటు సున్న! పరికరము నిర్దోషమని చెప్పవచ్చును. అదే తేడాల వర్గముల సగటునకు వర్గమూలము తీసినచో సుమారు 29 వచ్చును. రోగికి నొప్పి కలిగించునది ఆ 40. సగటు సున్నయైనంత మాత్రమున తొడుగు అంచు క్రింద సందు పూడదు. పైగా అనేక పరీక్షలు బల్లమీది నమూనాపై జరిగినవే. అచ్చట నాలుక లేదు, లాలాజలము లేదు, నోరు తెరచినపుడు క్రింది దవడ కొంచెము వంగుట లేదు.

కొలత తరువాత

ఇల్లలకగానే పండుగ కాదు. స్కాన్ ముగియగానే బ్రిడ్జి సిద్ధము కాదు. దానిని కంప్యూటరులో రూపించి, యంత్రముతో చెక్కవలెను. జిర్కోనియాతో చేయు బ్రిడ్జిని సుమారు ఐదవ వంతు పెద్దదిగా చెక్కి కొలిమిలో కాల్తురు. అది కుంచించుకొని అసలు కొలతకు రావలెను. సిమెంటునకై విడిచిన చోటును లెక్కలోనికి తీసికొనవలెను. ఇన్ని మెట్లలో ఎచ్చట తప్పినను బ్రిడ్జి సరిగా కూర్చుండదు. కనుక రోగికి పనికివచ్చు అంతిమ పరీక్ష స్కానర్ అంకె కాదు, నోటిలో బ్రిడ్జి కూర్చున్న తీరు. సిమెంటునకు బదులు పలుచని సిలికోనును పోసి, బ్రిడ్జిని అమర్చి, గట్టిపడిన ఆ పొర మందమును కొలుచు పద్ధతి కలదు. నోటిలో నిజమును తెలిసికొనుటకు గల దారులలో ఇది ఒకటి.

విజయవాడ, హైదరాబాదు నగరములలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలల వంటి సంస్థలు తాము వాడు స్కానర్లను ఈ రీతిని పరీక్షించి, మూడు పళ్ళకు ఎంత, ఆరు పళ్ళకు ఎంత, పూర్తి దవడకు ఎంత అని వేర్వేరుగా తెలుగులో ప్రకటించినచో ప్రజలకు ఎంతో మేలగును. అమ్మువారి అంకెకును, కొనువారి నమ్మకమునకును నడుమ నిలువదగినవి అట్టి సంస్థలే.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగా చూపవచ్చును. సరిగా 5 సెంటీమీటర్లు ఉండవలసిన అట్టముక్కను రహస్యముగా అర మిల్లీమీటరు తగ్గించి కత్తిరింపుడు. దానిని 20 మారులు జరుపుచు బల్లపై ఒక మీటరు గుర్తింపుడని పదిమంది విద్యార్థులకు చెప్పుడు. పదిమంది గుర్తులును దాదాపు ఒకే చోట పడును. వారు తమ పని సరియైనదని తలంతురు. అప్పుడు మీటరు కడ్డీని ప్రక్కన ఉంచుడు. అందరును సుమారు ఒక సెంటీమీటరు తప్పిరని తేలును. నిలకడ ఉండి యథార్థత లేకుండుట ఎట్టిదో, చిన్న తప్పు పొడవుతో ఎట్లు పెరుగునో ఈ ఒక్క ప్రయోగముతో తెలియును.

మొత్తము మీద మా తీర్పు ఇది. పొట్టి బ్రిడ్జికి స్కానర్‌ను నమ్మవచ్చును. పొడవైన దానికి, ముఖ్యముగా ఇంప్లాంటులపై నిలుపు దానికి, మరియొక కొలతతో సరిచూడనిదే నమ్మరాదు. రోగి కుర్చీలో కూర్చుండునపుడు దంతవైద్యుని అడుగదగిన ప్రశ్న, యంత్రము ఎన్ని మైక్రానులది అని కాదు. నా బ్రిడ్జి పొడవునకు ఈ కొలత చాలునా, అమర్చుటకు ముందు దానిని ఎట్లు సరిచూతురు అని అడుగవలెను. తన పనిని ఎరిగిన వైద్యుడు ఆ ప్రశ్నకు కోపగింపడు. పళ్ళను అరగదీయక మునుపే దానికి జవాబు చెప్పును.